మెత్తలాగుల పథకం

జిల్లా క్రీడా వికాస ప్రత్యేకాధికారి పరాంకుశం గారికి కూర్చోవడం కష్టమైంది. జిల్లాలోని ఆడపిల్లల సైకిళ్లకు కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఆయన ఒక ఆదివారం పొద్దున సన్నటి టైర్ల రేసు సైకిలు ఎక్కి, నెత్తిన టోపీ, కళ్లకు రంగు అద్దాలు పెట్టుకుని, తోటి అధికారులతో ఆరోగ్య యాత్రకు బయలుదేరారు. పోయేటప్పుడు ఆయన సైకిలు మీద పోయారు. వచ్చేటప్పుడు సైకిలు జీపు మీద వచ్చింది, ఆయన జీపులో బోర్లా పడుకుని వచ్చారు. ఆ తర్వాత చాలా రోజులు ఆఫీసులో సమావేశాలన్నీ నిలబడే జరిగాయి. పై అధికారి నిలబడి ఉండగా కింది అధికారి కూర్చోవడం మర్యాద కాదు కాబట్టి క్రీడా శాఖ మొత్తం నిలబడింది.

"ఒక్క పూటకే మనకింత బాధ కలిగితే, నిత్యం సైకిలు తొక్కి బడికి పోయే బాలికల ఆసీన స్థితి ఏమిటి?" అని ఆయన ఒక సమావేశంలో ప్రశ్నించారు. అందరూ తలలు వంచుకున్నారు. ఆ మాట బాలికలను అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగి ఉంటే పథకం ఆలస్యమయ్యేది.

పెద్ద పందేలలో సైకిళ్లు తొక్కేవాళ్లు కూర్చునే చోట మెత్త కుట్టిన బిగుతు లాగులు వేసుకుంటారని ఒక గుమాస్తా ఫోనులో బొమ్మ చూపించాడు. అలా ఆసీన సౌఖ్య పథకం పుట్టింది. ప్రభుత్వం ఇచ్చిన సైకిలు తొక్కే ప్రతి బాలికకూ ఒక మెత్తలాగు. అది లేకుండా ఏ బాలికా సైకిలు సీటు మీద కూర్చోరాదు.

ఈ సంగతులేవీ మిట్టూరు చౌడేశ్వరికి తెలియవు. ఆమెకు తెలిసింది కనుమ దారి ఒక్కటే. మిట్టూరు కొండ మీద ఉంది, హైస్కూలు కొండ కింద ఉంది. పొద్దున దిగడం, సాయంత్రం ఎక్కడం. పదో తరగతికి వచ్చినా ఆ పిల్ల నోరు విప్పి మాట్లాడింది తక్కువ. హాజరు పిలిస్తే ఆమె పలికే "ప్రెజెంట్" ముందు బెంచీ దాటి వచ్చేది కాదు. వచ్చి కూర్చున్న రోజు కూడా రానట్టు పడేది. అది సరిచేయమని అడగడానికి మళ్లీ మాట్లాడాలి కాబట్టి ఊరుకునేది.

ఆమెను మొదట గుర్తించింది వ్యాయామం మాస్టారు గుర్రప్ప సారు. ఒక సాయంత్రం ఆయన మోపెడు కనుమ ఎక్కలేక రొప్పుతుంటే, పక్కనుంచి చౌడేశ్వరి సైకిలు దాటిపోయింది. దాటిపోతున్నందుకు సిగ్గుపడి ఆమె తల వంచుకుంది గాని వేగం తగ్గించలేదు.

మరునాడు సారు ఆమెను పిలిచి చెప్పాడు. "జిల్లా సైకిలు పందెం ఉండాది పాపా. ఫస్టు వచ్చిన పిల్లను క్రీడా హాస్టల్లో చేర్చుకుంటారు. తిండి వాళ్లదే, ఇంటరు చదువు వాళ్లదే, నేర్పించేదీ వాళ్లే. ఒక్కరికే చోటు. పోతావా?"

చౌడేశ్వరి తల ఊపింది. ఆ ఊపడంలో ఎంత ఆశ ఉందో సారుకు కనబడలేదు. మిట్టూరుకు బస్సు రాదు. కాలేజీ పట్నంలో ఉంది. పదో తరగతి అయిపోతే ఏం చేయాలో వాళ్లమ్మ నాగరత్నమ్మ అప్పటికే టమోటా తోట మేస్త్రితో మాట్లాడి పెట్టింది.

"గెలిస్తే పో, ల్యాకుంటే గంప ఎత్తుకో," అంది నాగరత్నమ్మ. "నేనేమన్నా పోవద్దంటాండానా?"

మెత్తలాగులు వచ్చింది ఆ వారంలోనే. బడి వరండాలో మూటలు విప్పారు. లాగులన్నీ ఒకే కొలత. కొనేటప్పుడు సగటు కొలత రాయమన్నారట. క్రీడా శాఖ దగ్గర కొలిచి ఉంచిన నడుము పరాంకుశం గారిది ఒక్కటే. అందుకని ఆ కొలతే జిల్లాకు సగటు అయింది. మోకాలి పైదాకా ఉండాల్సిన లాగు చౌడేశ్వరికి పిక్కల దాకా వచ్చింది. నడుము దగ్గర ఇంకొక పిల్ల పట్టేంత ఖాళీ మిగిలింది. కుడికాలి మీద పరాంకుశం గారి ఫోటో అచ్చు వేసి ఉంది. అది సరిగ్గా మోకాలి మీదికి దిగడంతో, కాలు ముడిస్తే ఆయన ఏడుస్తున్నట్టు, చాపితే నవ్వుతున్నట్టు కనిపించేవారు.

లాగుతో పాటు ఒక సూచన వచ్చింది. గుర్రప్ప సారు దాన్ని ప్రార్థన దగ్గర చదివాడు. "సదరు వస్త్రముపై లంగా, ఓణీ, చుడీదారు మొదలగు ఇతర వస్త్రములేవియు ధరించరాదు. పథకపు ఫోటో ఎల్లవేళలా ప్రజలకు కనబడవలెను."

సాయంత్రానికి ఆ మాట ఊళ్లన్నిటికీ పాకింది. మరునాడు తల్లులు బడికి వచ్చారు.

"ఏం సార్, మా పిల్లోళ్లు ఉత్త లాగులేసుకోని రోడ్డెమ్మట పోవల్లంటనే," అంది ఒకామె. "మీ బిడ్డనట్ల పంపిస్తావా నువ్వు?"

"నాకు మగపిల్లోళ్లేమ్మా," అన్నాడు గుర్రప్ప సారు.

"వాళ్లనే పంపీ ఉత్త లాగుతో. జూస్తాం."

చివరికి దారి చూపించింది నాగరత్నమ్మే. లాగు మీద ఏమీ వేయకూడదన్నారు గాని లాగును దేని మీద వేయకూడదో చెప్పలేదు. కాబట్టి పిల్లలందరూ చుడీదారు ప్యాంటు మీద మెత్తలాగు తొడుక్కుని, నడుము దగ్గర పురికొసతో బిగించి కట్టుకున్నారు. ఫోటో ప్రజలకు కనబడింది. మెత్త మాత్రం ఉండాల్సిన చోట ఉండేది కాదు. కనుమ సగం దిగేసరికి అది తొడ పక్కకు జారేది, బడికి చేరేసరికి ముందుకు వచ్చేది. కొందరు తల్లులు ఆ మెత్తను విప్పదీసి టమోటా గంప కింద చుట్టకుదురుగా వాడుకున్నారు. నెత్తికి హాయిగా ఉందని చెప్పారు. ఆ పథకం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ నెత్తులకే.

పరాంకుశం గారు పథకం దిగ్విజయమైందని పత్రికలవాళ్లకు చెప్పారు. విజయం గురించి వినగానే తనిఖీ అధికారి దక్షిణామూర్తి గారు బయలుదేరారు.

దక్షిణామూర్తి గారు బక్కపలచటి మనిషి. ఆయన బడి సైకిళ్ల చావడిలో ఒక సైకిలు ముందు వంగి, సీటును బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత బల్ల మీద పరిచిన మెత్తలాగును నొక్కి చూశారు. మళ్లీ సీటు నొక్కారు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఇక్కడ మెత్త ఉంది. అక్కడా మెత్త ఉంది," అన్నారు. "కూర్చునేది ఒక్కరు. కూర్చోవడం ఒక్కటి. సౌఖ్యములు రెండు. ఇది ద్వంద్వ ప్రయోజనము. ఒకే బాలికకు ఒకే అవయవము నిమిత్తము రెండు శాఖలు మెత్తదనము సమకూర్చుట నిబంధనలకు విరుద్ధము. ఏదో ఒకటి తొలగించాలి."

"లాగులు ఎనక్కి తీసుకోండి సార్," అన్నాడు గుర్రప్ప సారు, ప్రాణం లేచి వచ్చినట్టు.

దక్షిణామూర్తి గారు లాగు వైపు చూశారు. "దీనిపై ప్రత్యేకాధికారి గారి ఫోటో ఉంది." సీటు వైపు చూశారు. "దీనిపై ఎవరి ఫోటో లేదు."

మరుసటి వారం వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు పానాలతో దిగి, వరసగా సీట్లు విప్పి గోనెసంచుల్లో వేశారు. సీట్లు పోయిన చోట నిలువు పైపులు మిగిలాయి. ఖాళీ పైపు ప్రమాదకరం కాబట్టి, బాలికల భద్రత దృష్ట్యా ఒక్కొక్క పైపుకు ఒక రబ్బరు మూత బిగించారు. వేరే సీటు పెట్టుకున్న సైకిలును జప్తు చేస్తామని గేటు దగ్గర చెప్పి పోయారు.

"మరి పిల్లోళ్లు యెట్ల తొక్కేది సార్?" అని గుర్రప్ప సారు అడిగాడు.

"తొక్కడానికి పెడళ్లున్నాయి గదా," అన్నారు దక్షిణామూర్తి గారు. "వాటి జోలికి మేము రాలేదు."

చౌడేశ్వరి ఆ సాయంత్రం కనుమంతా నిలబడి తొక్కింది. ఇల్లు చేరేసరికి కాళ్లు కాళ్లలా లేవు. నాగరత్నమ్మ కూతురి పిక్కలకు వేడినీళ్ల గుడ్డ వేసింది. మరునాడు పొద్దున పాత చీర మడత పెట్టి, పైపు మీద గుండ్రంగా చుట్టి, దారంతో కుట్టేసింది. అది బడి గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర కాపలా పెట్టిన మనిషి దాన్ని విప్పి చూసి, మూడో మెత్తగా నమోదు చేసి, తీసి పెట్టుకున్నాడు.

ఒక్కొక్కరే సైకిళ్లు మానేశారు. కొందరు నడిచారు. కొందరు నాయనల మోటారు సైకిళ్ల మీద ముగ్గురేసి కూర్చుని పోయారు. వాళ్లు ఆ మోటారు సైకిళ్ల మీదా మెత్తలాగులు వేసుకునే ఉన్నారు. ఫోటో ప్రజలకు కనబడాలి. చౌడేశ్వరి మాత్రం మానలేదు. ఆమెను తీసుకుపోవడానికి ఇంట్లో మోటారు సైకిలు లేదు, పందెం దగ్గర పడుతోంది. పొద్దున నిలబడి దిగింది, సాయంత్రం నిలబడి ఎక్కింది. మొదట్లో మలుపు మలుపుకూ ఆగింది. తర్వాత పెద్ద మలుపు దగ్గర మాత్రమే ఆగింది. ఆ తర్వాత ఆగడం మరిచిపోయింది.

పందెం ముందురోజు గుర్రప్ప సారు ఆమెను వరండాలోకి పిలిచాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"రూలు మారింది పాపా. మళ్లా ఆ దక్షిణామూర్తే. సీట్లు తీసేసినాక లాగు మీద ఎవురూ కూర్చోలేదంట. కూర్చోకుంటే అది వాడని లాగంట. అది కూర్చునే లాగని రుజువు జేయల్లంట. అందుకని పందెం అయ్యే జాగాలో కుర్చీలేస్తారు. వచ్చినోళ్లు వచ్చినట్ల కూర్చోవల్ల. పరాంకుశం సారు ఉపన్యాసం అయ్యేలోపల ఎవురు ఎక్కువసేపు కూర్చుంటే వాళ్లే ఫస్టు."

చౌడేశ్వరి చాలాసేపు ఆలోచించింది. తర్వాత, ముందు బెంచీ దాటని గొంతుతో, "ముందొచ్చినోళ్లే ముందు కూర్చుంటారు గదా సార్," అంది.

సారు ఆమెను తేరిపార చూశాడు. "అవును పాపా. నువ్వు ముందొచ్చేయి. వచ్చినాక లేయాకు. అంతే."

పందెం రోజు మండలానికి ఒకరు చొప్పున పిల్లలు వచ్చారు. అందరివీ సీట్లు లేని సైకిళ్లే, అందరి మోకాళ్ల మీదా పరాంకుశం గారే. జెండా ఊపగానే అన్ని మోకాళ్లూ ఒక్కసారి ఏడ్చి నవ్వాయి.

చదును దారి మీద చాలామంది చౌడేశ్వరి కంటే ముందే పోయారు. కనుమ మొదలవగానే ఒక్కొక్కరే దిగి తోసుకుంటూ నడవసాగారు. పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె పక్కన ఒక్క పిల్లే మిగిలింది. సన్నగా, పొడుగ్గా ఉంది. పురికొసకు బదులు నడుముకు పాత బెల్టు బిగించుకుంది.

"నీ పేరేందిమే?" అంది ఆ పిల్ల, రొప్పుతూ.

"చౌడేశ్వరి."

"నా పేరు మాబున్నీ. మా నాయన పంచరు అంగడిలో ఇన్ని సీట్లు తగిలించింటాయి గోడకు. ఒకటి పెట్టుకుందామంటే జప్తంట." నాలుగు తొక్కులు తొక్కి మళ్లీ అంది. "నీకేం అనిపిస్తాంది ఇప్పుడు?"

"కూర్చోవల్లనిపిస్తాంది."

మాబున్నీ నవ్వింది. నవ్వితే ఊపిరి తప్పింది, ఊపిరి తప్పితే సైకిలు వెనకబడింది. చౌడేశ్వరి వెనక్కి తిరిగి చూడలేదు. ఒక్కరికే చోటు అన్న మాట చెవిలో ఉంది.

ఆమె కనుమ ఎక్కి, దిగి, క్రీడా మైదానం గేటులోకి మళ్లినప్పుడు వెనక రోడ్డంతా ఖాళీగా ఉంది. షామియానా కింద కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. అన్నిటిలోనూ మనుషులున్నారు. అధికారులు, అధికారుల బంధువులు, బంధువుల పిల్లలు, టీలు తెచ్చినవాళ్లు, మైకు మనిషి. ముందు వరస మధ్యలో ఎత్తైన చెక్క కుర్చీలో, మెత్త మీద, పరాంకుశం గారు. గడియారం పట్టుకుని దక్షిణామూర్తి గారు ఒక్కరే నిలబడి ఉన్నారు.

గుర్రప్ప సారు పరిగెత్తి వచ్చాడు. "కుర్చీ యాడ సార్ పిల్లకు?"

"కుర్చీలు అతిథులకు," అన్నాడు షామియానా మనిషి. "పిల్లోళ్లకు తెప్పిస్తాండాం. బండి దోవలో ఉండాది."

దక్షిణామూర్తి గారు గడియారం చూశారు. "రాక నమోదైంది. కూర్చోవడం ఇంకా మొదలు కాలేదు."

చౌడేశ్వరి సైకిలు పట్టుకుని నిలబడింది. గేటు అవతల రోడ్డు మీద ఒక చుక్క కనబడింది. మాబున్నీ వస్తోంది. బండి వచ్చేలోపు ఆమె వచ్చేస్తే ఇద్దరూ ఒకేసారి కూర్చున్నట్టవుతుంది. మిగతావాళ్లూ వచ్చేస్తే కనుమ ఎక్కిందంతా ఏటిలో పోసినట్టవుతుంది. ఆమె సైకిలును సారు చేతికి ఇచ్చింది. షామియానా కిందికి నడిచింది. పరాంకుశం గారి ముందు నిలబడింది.

"సార్," అంది.

ఆయనకు వినబడలేదు.

"సార్. లేయండి."

ఈసారి చివరి వరసకు వినబడింది. మైకు మనిషి మైకు పక్కన పెట్టాడు.

"ఏమిటమ్మా?" అన్నారు పరాంకుశం గారు.

"కూర్చోవల్ల సార్. మీ రూలే. నేను ముందొచ్చినా."

"పాపా, ఇది అధికార ఆసనము. దీనిపై ఉపవిష్టుడగుటకు ఒక హోదా..."

"ప్రకటించిన నిబంధనలో 'కుర్చీ' అని మాత్రమే ఉంది," అన్నారు దక్షిణామూర్తి గారు, గడియారం మీదనుంచి కళ్లు ఎత్తకుండా. "హోదా ప్రస్తావన లేదు. పైగా సదరు బాలిక కూర్చోని పక్షంలో లాగుల వినియోగము నిరూపణ కాదు. నిరూపణ కాని పక్షంలో మొత్తము కొనుగోలు ప్రశ్నార్థకమగును."

పరాంకుశం గారు లేచారు. లేవడానికి కొంచెం సమయం పట్టింది.

చౌడేశ్వరి కూర్చోబోయింది.

"ఆగాలి," అన్నారు దక్షిణామూర్తి గారు. "కుర్చీలో మెత్త. బాలికకు మెత్త. ద్వంద్వ ప్రయోజనము."

ఆమె కుర్చీలోని మెత్త తీసి పరాంకుశం గారి చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. ఆమె కుర్చీ చెక్క మీద కూర్చుంది. లాగు మెత్త ఎప్పటిలాగే పక్కకు జారిపోయి ఉంది. కింద గట్టిగా చెక్క తగిలింది. ఇన్నాళ్లకు కూర్చోవడం ఎలా ఉంటుందో గుర్తొచ్చి, ఆమెకు కళ్లు మూసుకోవాలనిపించింది.

మాబున్నీ వచ్చి సైకిలు వదిలేసి, షామియానా గుంజ పట్టుకుని నిలబడిపోయింది. పిక్క పట్టేసినట్టుంది, ఒంటికాలి మీద ఉంది. గుర్రప్ప సారు వరసల వైపు చూశాడు. వరసలన్నీ ఆకాశం వైపు చూశాయి. అక్కడి కుర్చీలు ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ లేవలేదు.

మాబున్నీ గుంజకు తల ఆనించింది.

చౌడేశ్వరి ఆమెను చూసింది. ఆ పిల్ల కూర్చోకుండా ఉంటే ఇక తిరుగు లేదు. హాస్టలు తనదే. టమోటా తోట మేస్త్రికి వేరే మనిషిని చూసుకోమని చెప్పవచ్చు. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కొంచెంసేపు అలాగే పట్టుకుంది. తర్వాత ఒక పక్కకు ఒదిగింది.

"రామే. రొంత జాగా ఉండాది."

"నువ్వు లేయాకు," అంది మాబున్నీ. "పోతాది నీకు."

"నేనేం లేస్తల్యా. జరుగుతాండా, అంతే."

మాబున్నీ కుంటుకుంటూ వచ్చి పక్కన ఇరుక్కుంది. పరాంకుశం గారి కొలతకు చేసిన కుర్చీలో ఇద్దరు పిల్లలూ పట్టారు. నాలుగు మోకాళ్లు వరసగా కనబడ్డాయి. రెండింటి మీద ఆయనే ఏడుస్తున్నారు.

దక్షిణామూర్తి గారు గడియారం దించారు. ఆయన ముఖంలో మొదటిసారి ఒక మార్పు వచ్చింది. అది ఏమిటో ఆయన కింద పనిచేసేవాళ్లకు కూడా వెంటనే అర్థం కాలేదు, ఎందుకంటే అది సంతోషం.

"ఒక ఆసనము. ఇద్దరు లబ్ధిదారులు," అన్నారు మెల్లగా. "అర్ధ వ్యయము. ఇన్నేళ్ల నా సర్వీసులో ఇటువంటి పొదుపు చూడలేదు."

పరాంకుశం గారు మెత్త పట్టుకునే ఉపన్యాసం చేశారు. కూర్చోవడం మానవ నాగరికతకు పునాది అన్నారు. ఆసీన సౌఖ్యము లేని జాతి నిలబడలేదన్నారు. ఎండ షామియానా దాటి ఇటువైపు వచ్చినా ఆయన ఆపలేదు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, కుర్చీల బండి కోసం నిలబడ్డారు. అది ఉపన్యాసం అయ్యాక వచ్చింది. ఇద్దరు పిల్లలు మాత్రం కదలకుండా, ఒకరి భుజం ఒకరికి ఆనించి, చివరి మాట దాకా కూర్చున్నారు.

ఫలితం దక్షిణామూర్తి గారే చదివారు. కూర్చున్న కాలం ప్రకారం చౌడేశ్వరి ప్రథమురాలు. అయితే ఒకే ఆసనంలో ఇద్దరు ఇమడగలరని సదరు బాలికలే ప్రయోగపూర్వకంగా నిరూపించినందున, హాస్టల్లో ఒక్కరి చోటును ఒక్కరికే కేటాయించుట దుబారా అగును. కావున ఇద్దరినీ చేర్చుకొనవలెను. మంచము ఒకటి. కంచము ఒకటి. సైకిలు ఒకటి.

గుర్రప్ప సారు చప్పట్లు కొట్టాలా వద్దా అని అటూ ఇటూ చూసి, కొట్టాడు.

హాస్టల్లో చేరిన మొదటి ఆదివారం, వార్డెను గదిలో ఉన్న ఫోనులో నాగరత్నమ్మ కూతురితో మాట్లాడింది.

"తిన్నావామే?"

"తిన్న్యామా. ముందు మాబున్నీ తినింది, తర్వాత నేను."

"సైకిలు నేర్పిస్తాండారా?"

"పొద్దున నాకు, సాయంత్రం ఆ పిల్లకు."

"పండుకునేదానికి మంచముండాదా?"

"ఉండాది. సగం."

"ఆ సగమన్నా మెత్తగా ఉండాదా?"

చౌడేశ్వరి వార్డెను వైపు ఒకసారి చూసింది. ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకుంది. గొంతు మళ్లీ ముందు బెంచీ దాటనంత చిన్నదైంది.

"అది గట్టిగా అడగాకుమా. వింటే మంచం ఎత్తుకపోతారు."